ఆదివారానికి ఒక ఫొటో: ఖరగ్‌పూర్‌లో నేర్చుకున్న పాఠాలు

నవంబరు వచ్చిందంటే ఖరగ్‌పూర్‌లో మా శాఖ తలుపులు తెరవకముందే మెట్లమీద జనం కూర్చుని ఉంటారు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చిన రైల్వే పింఛనుదారులు. వారిలో మన తెలుగువాళ్లు చాలామంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికీ, లైను పనికీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన కుటుంబాలు. మూడు నాలుగు తరాలు గడిచినా, నా పేరు చూడగానే హిందీలో మొదలుపెట్టిన మాటను మధ్యలో ఆపి, "మీరు మనోళ్లేనా బాబూ?" అని అడుగుతారు. ఆ తర్వాత పని అయిపోయినా కౌంటరు వదలరు.

అలా ఒక నవంబరులో ఒక మామ్మగారు వచ్చారు. ఫ్యామిలీ పెన్షన్ ఆవిడది. భర్త వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. సర్టిఫికెట్ పని ముగిశాక సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని పీపీవో కాపీ నా ముందు పెట్టారు.

"ఆయన సంవత్సరీకం వస్తంది బాబూ. గోడకి కట్టడానికి ఫొటో లేదు. దీంట్లో ఉన్నాడు. పెద్దది చేసి ఇస్తారేటి?"

పింఛను కాగితాల కోసం భార్యాభర్తలిద్దరూ కలిసి దిగిన జాయింట్ ఫొటో అది. ఆయన ముఖం బొటనవేలి గోరంత ఉంది. ఆఫీసు రబ్బరు స్టాంపు సగం కాగితం మీద, సగం ఆయన చెంప మీద పడింది. ఊదా రంగు సిరా ఒక కంటిదాకా పాకింది.

అది ఆవిడ సొంత కాపీ కాబట్టి, ఆవిడ ఎదుటే ఫోనుతో ఫొటో తీసి, బజారులో ఒక స్టూడియోకి ఇచ్చాను. వారం తర్వాత ఫ్రేము కట్టి ఇచ్చారు. స్టాంపు పోయింది. దాంతోపాటు ముడతలు పోయాయి, చెంప మీది గాటు పోయింది, రంగు మారింది. నీలం తెర ముందు, కోటు వేసుకున్న ఒక గులాబీరంగు పెద్దమనిషి కూర్చున్నాడు. మామ్మగారు చాలాసేపు చూసి, "ఈయనెవరు బాబూ?" అన్నారు. నేను మాట్లాడలేకపోయాను. ఆవిడే మళ్లీ, "మా ఆయన నలుపు. పొయ్యి దగ్గర పనిచేసిన మనిషి కదా. వేస్తాన్లే దండ. డబ్బులు ఊరికే పోకూడదు కదా" అని ఫ్రేమును చీరకొంగులో చుట్టుకుని వెళ్లిపోయారు.

దశాబ్దాలపాటు ఈ ఊళ్లో ఉద్యోగం చేసిన మనిషికి ఆఫీసు అడిగినప్పుడు దిగిన ఫొటో తప్ప మరొకటి లేదు. ఆలోచిస్తే మన ఇళ్లలోనూ అలాంటివారు ఉన్నారు. మనందరి జేబుల్లో కెమెరా ఉంది. ఫోను నిండా వేల ఫొటోలున్నాయి. కానీ అమ్మదో నాన్నదో ఒక్క మంచి ఫొటో చూపించమంటే, పెళ్లి గ్రూపు ఫొటోలో మూడో వరస వెతుకుతాం. అందుకే ఆ నవంబరు నుంచి ఆదివారం పూట మనుషుల ఫొటోలు తీయడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేను వృత్తి ఫొటోగ్రాఫర్ని కాను. తప్పులు చేసి నేర్చుకున్నవి మిత్రులకు పనికొస్తాయని ఈ వ్యాసం.

చిన్న ఫొటో పెద్దది ఎందుకు కాదు?

ముందు ఒక లెక్క. మనవాళ్లకు లెక్కతో చెబితే తొందరగా అర్థమవుతుంది. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు ఉండాలని ఒక కొలత. పాస్‌పోర్ట్ సైజు ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. అంటే దాదాపు 413 చుక్కల వెడల్పు, 531 చుక్కల ఎత్తు. మొత్తం రెండు లక్షల ఇరవై వేల చుక్కలు. గోడకు కట్టే 8×10 అంగుళాల ఫొటోకు 2400 వెడల్పు, 3000 ఎత్తు, అంటే 72 లక్షల చుక్కలు కావాలి. ఉన్నదానికి ముప్పై రెట్లకు పైన! మిగిలినదంతా స్టూడియో కంప్యూటరు ఊహించి నింపాలి. అది ఊహించిన ముఖమే మామ్మగారికి పరాయి ముఖమైంది.

ఖాతాలో లేని సొమ్మును ఎవరూ డ్రా చేయలేరు. ఫొటో కూడా అంతే. తీసేటప్పుడు జమచేసినదే తర్వాత దొరుకుతుంది.

మొదటి పాఠం: ముందు మన ఫొటో మనమే

మనుషుల ఫొటోలు నేర్చుకోవడానికి అందరికన్నా ఓపికైన మోడల్ మనమే. పైగా కెమెరా ముందు కూర్చుంటే ఎంత ఇబ్బందిగా ఉంటుందో తెలిశాకే ఇంకొకరిని కూర్చోబెట్టే అర్హత వస్తుంది.

ఇది కొత్త సంగతి కాదు. 1839లో, ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైన ఏడాదే, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే యువకుడు తన ఫొటో తానే తీసుకున్నాడు. మన దేశంలో త్రిపుర మహారాజు బీరచంద్ర మాణిక్య 1880 ప్రాంతంలో రాణి మనమోహినితో కలిసి కూర్చుని, పొడవాటి తీగతో షట్టరు నొక్కి తమ ఫొటో తామే తీశారు. ఇప్పటి సెల్ఫీకి ముత్తాత అది.

అయితే సెల్ఫీలో ముక్కు పెద్దదిగా ఎందుకు కనిపిస్తుంది? తప్పు ముక్కుది కాదు, దూరానిది. ముక్కు కొన నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఫోను ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ముక్కు 30లో, చెవి 42లో ఉంటాయి. చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దదిగా పడుతుంది. అదే ఫోను ఒకటిన్నర మీటర్ల దూరంలో పెడితే ముక్కు 150లో, చెవి 162లో ఉంటాయి. తేడా 8 శాతమే. అందుకే పోర్ట్రెయిట్‌కు కనీసం నాలుగైదు అడుగుల దూరం ఉండాలి. ముఖం చిన్నదిగా కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి. ఫోనులో రెండు రెట్ల జూమ్ లెన్స్ ఉంటే దాన్ని వాడండి. పెద్ద కెమెరా ఉన్నవారు 85 మిల్లీమీటర్ల లెన్స్‌ను పోర్ట్రెయిట్ లెన్స్ అని పిలవడంలోని రహస్యం కూడా ఇదే. అది మనల్ని వెనక్కి జరిగి నిలబడేలా చేస్తుంది.

కాబట్టి చేయి చాచి తీయడం మానేసి, ఫోనును కిటికీకి పక్కగా ఒక స్టూలు మీద, బియ్యం డబ్బాకు ఆనించి పెట్టండి. వెనుక కెమెరానే వాడండి. చాలా ఫోన్లలో ముందు కెమెరా కన్నా అదే మెరుగు. పది సెకన్ల టైమరు పెట్టండి. మీరు కూర్చోబోయే కుర్చీలో ముందు ఒక దిండు నిలబెట్టి, దానిమీద వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడ లాక్ అవుతుంది. తర్వాత దిండు తీసి మీరు కూర్చోండి.

మొదటి ఫొటో చూడగానే "ఇది నేను కాదు" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. దానికీ కారణం ఉంది. రోజూ అద్దంలో మనం చూసేది కుడిఎడమలు తారుమారైన ముఖం. 1977లో అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు జరిపిన పరిశీలనలో, మనుషులు తమ అద్దం ముఖాన్నే ఇష్టపడ్డారు. వారి స్నేహితులు మాత్రం అసలు ముఖాన్నే ఇష్టపడ్డారు. అలవాటైనదే అందంగా తోస్తుంది. కనుక మీ ఫొటో మీకు నచ్చకపోతే చెరిపేయకండి, ఇంట్లోవాళ్లకు చూపించండి. మా ఆవిడ నా ఫొటోల్లో నేను కొట్టిపారేసినదాన్నే ఎంచింది. "రోజూ ఆఫీసు నుంచి వచ్చేది ఈయనే" అంది.

రెండో పాఠం: ఇంటివాళ్లు

ఇంట్లో ఫొటోకు కావలసిన స్టూడియో కిటికీయే. ట్యూబులైటు ఆపేయండి. దాని రంగు వేరు, పగటి వెలుగు రంగు వేరు, రెండూ కలిస్తే ముఖం సగం పచ్చగా, సగం నీలంగా పడుతుంది. కూర్చునేవారి ముక్కు కిటికీ వైపు కాస్త ఏటవాలుగా ఉండేలా కుర్చీ వేయండి. ముఖంలో ఒక పక్క వెలుగు, మరో పక్క మెత్తని నీడ పడాలి. నీడ మరీ ముదురైతే ఆ పక్కన తెల్ల పంచెనో దుప్పటినో కుర్చీ మీద ఆరేసినట్టు వేయండి, వెలుగు తిరిగి కొడుతుంది. కళ్లలో చిన్న తెల్లటి మెరుపు కనిపిస్తోందా అని చూడండి. అది కనిపిస్తే కాంతి సరైన చోట నుంచి వస్తోందన్నమాట.

ఖరగ్‌పూర్‌లో నాకు దొరికిన రెండో స్టూడియో పాత రైల్వే క్వార్టర్ల వరండా. పైన నీడ, ముందు ఆరుబయలు. పోర్ట్రెయిట్‌కు దీన్ని మించినది లేదు. ఇక్కడి నేల ఎర్రమట్టి. దానిమీద పడిన ఎండ కింది నుంచి పైకి కొట్టి, గడ్డం కింద నీడను వెచ్చగా నింపుతుంది. నగరంలో దీనికోసం బంగారు రంగు రిఫ్లెక్టర్లు కొంటారు. మిట్టమధ్యాహ్నం మాత్రం ఎవరినీ ఎండలో నిలబెట్టకండి. కళ్లు రెండు నల్ల గుంటలైపోతాయి.

ఇక రంగు సంగతి. మామ్మగారి ఫ్రేము నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇక్కడే. కెమెరాలోని కొలమానం ఎదుట ఉన్నదాన్నంతా కలిపి ఒక మధ్యరకం బూడిదరంగుగా తేల్చాలని చూస్తుంది. తెల్ల చొక్కా వేసుకుని సున్నం గోడ ముందు నిలబడితే, కెమెరా ఆ తెలుపుకు బెదిరి మొత్తం ఫొటోను చీకటి చేస్తుంది. ముఖం మసిబారినట్టు వస్తుంది. "నేను నల్లగా ఉంటాను, నాకు ఫొటోలు బాగా రావు" అని మనవాళ్లు అనుకునేది ఇందుకే. తప్పు చర్మానిది కాదు. ఫోను తెరమీద ముఖాన్ని వేలితో తాకండి, వెలుగు ముఖానికి తగినట్టు సర్దుకుంటుంది. గోడ తెల్లగా ఉంటే నీలమో ఆకుపచ్చో చీరను వెనకాల కట్టండి.

ఈ తప్పులో కంపెనీల వాటా కూడా ఉంది. ఫిలిం రోజుల్లో కొడాక్ సంస్థ ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి "షర్లీ కార్డు" అనే నమూనా ఫొటో పంపేది. అందులో ఏళ్ల తరబడి ఉన్నది తెల్లజాతి మహిళే. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగా ఉన్నట్టే లెక్క. మిగతా ప్రపంచపు చర్మాలు ఆ కొలతకు బయటే ఉండిపోయాయి. ఆ తర్వాత చాలాకాలానికి గానీ మార్పు రాలేదు. 2021లో గూగుల్ తన ఫోను కెమెరాలో అన్ని రంగుల చర్మాలూ ఉన్నవి ఉన్నట్టు రావాలని "రియల్ టోన్" పేరుతో ప్రత్యేకంగా పనిచేసిందంటే, సమస్య ఎంతకాలం సాగిందో ఊహించుకోవచ్చు. కనుక బ్యూటీ మోడ్ ఆపేయండి. స్టూడియోలో ప్రింటుకు ఇచ్చేటప్పుడు "తెలుపు చేయొద్దు, ముడతలు తీయొద్దు" అని నోటితో చెప్పండి. చెప్పకపోతే చేసేస్తారు. అది వారి దృష్టిలో మర్యాద.

ఇంట్లో పెద్దవాళ్లు ఫొటో అనగానే బిగుసుకుపోయి, చేతులు మోకాళ్ల మీద పెట్టి, పీపీవో ఫొటోలోలా చూస్తారు. వారికి ఆ ఒక్క ఫొటోయే తెలుసు మరి. చేతికి పని ఇవ్వండి. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, కళ్లజోడు తుడవడం, మనవరాలి జడ వేయడం ఏదైనా సరే. పనిలో పడ్డాక పేరు పెట్టి పిలవకండి, ఏదైనా అడగండి. "నాన్నా, మీ మొదటి జీతం ఎంత?" అంటే ఆయన తల ఎత్తి చూసే చూపు వేరు. నేను ఆ ప్రశ్నతో చాలా ఫొటోలు తీశాను. రైల్వే వాళ్లకైతే "మీ గ్యాంగులో ఎవరెవరుండేవారు?" అంటే చాలు.

కళ్లజోడు వాళ్లకు అద్దాల్లో కిటికీ మెరుస్తుంది. కాడలను చెవుల మీద అర అంగుళం పైకి ఎత్తితే అద్దం కిందికి వంగి ఆ మెరుపు పోతుంది. జోడు తీయించకండి. ఇరవై ఏళ్లుగా జోడుతో చూసిన ముఖం అది. పిల్లలనైతే కదలొద్దని అడగడం దండగ. మనమే నేలమీద కూర్చుని వాళ్ల కళ్ల ఎత్తుకు దిగాలి. కెమెరాలో వేగం మార్చే వీలుంటే కూర్చున్న పెద్దలకు సెకనులో 125వ వంతు చాలు, పిల్లలకు 250వ వంతు లేదా అంతకన్నా వేగం పెట్టండి.

ఈ పాఠం మన ఉద్యోగంలోనూ పనికొచ్చింది. 2014లో జీవన్ ప్రమాణ్ మొదలైనప్పుడు ప్రధానంగా వేలిముద్రలే ఆధారం. జీవితమంతా సుత్తి, స్పానరు పట్టిన చేతుల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం వాటిని గుర్తుపట్టక ఆ పెద్దలు పడే అవస్థ కౌంటరులో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. 2021 నవంబరులో ముఖ గుర్తింపు పద్ధతి వచ్చాక దారి సులువైంది. అయితే అక్కడా పదేపదే విఫలమవుతోందంటే చాలాసార్లు కారణం వెలుగే. పింఛనుదారుని వెనుక గాజు తలుపు, ముందు చీకటి. కుర్చీని తిప్పి ఆయన ముఖం తలుపు వైపు ఉండేలా కూర్చోబెట్టి చూడండి.

మూడో పాఠం: తెలియనివారు

దీనిలో నేను మొదట తప్పే చేశాను. గోల్ బజార్‌లో కూరగాయలమ్మే ఒకావిడ ముఖం మీద టార్పాలిన్ లోంచి నీలి వెలుగు పడుతోంది. బాగుందనిపించి, దూరం నుంచి జూమ్ చేసి తీశాను. ఆవిడ చూసింది. లేచి వచ్చి, "దేనికి తీశావు? నా మొహంతో నీకేం పని?" అని హిందీలో నిలదీసింది. నలుగురూ మూగారు. ఫొటో ఆవిడ ముందే చెరిపేశాను. బ్యాంకు ఆఫీసరునని చెప్పుకుందామని నోటిదాకా వచ్చింది గానీ, చెప్పి ఉంటే మరీ చిన్నబోయేవాణ్ణి. ఎవరైనా కౌంటరు బయటినుంచి నన్ను ఫోనులో తీస్తే నేను ఊరుకుంటానా?

తర్వాతి ఆదివారం వెళ్లి వంకాయలు కొని, అడిగాను. వద్దంది. ఇప్పటికీ ఆవిడ ఫొటో నా దగ్గర లేదు. వంకాయలు మాత్రం అక్కడే కొంటాను. అడిగే హక్కు మనకు ఉన్నట్టే, వద్దనే హక్కు వారికి ఉంది. ఆ రెండోదాన్ని ఒప్పుకున్నప్పుడే మొదటిది మర్యాద అవుతుంది.

ఆ రోజు నుంచి నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ముందు కెమెరా కిందికి దించి పలకరించడం. ఎందుకు తీస్తున్నానో చెప్పడం. తీసినది వెంటనే చూపించడం. నచ్చలేదంటే చెరిపేయడం. ప్రింటు తెచ్చి ఇస్తానని చెబితే తప్పక తెచ్చి ఇవ్వడం. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. మొదటి ప్రింటు ఇచ్చింది బజారులో టీ కాచే దాదాకు. ఆయన దాన్ని డబ్బాల పక్కన గోడకు అంటించాడు. తర్వాతి వారం పక్క కొట్టువాడే పిలిచి, "దాదా, నాది ఎప్పుడు?" అన్నాడు.

ఎదుటివారికి ఎక్కడ సౌకర్యమో ఆలోచించడం పాత మాస్టర్లకు బాగా తెలుసు. సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరైన రాజా దీన్ దయాళ్, ఘోషా పాటించే స్త్రీలు పరపురుషుని ముందు ఫొటో దిగలేరు కనుక 1892లో హైదరాబాదులో వారికోసమే జెనానా స్టూడియో తెరిచారు. లోపల ఫొటోలు తీసేది ఒక ఆంగ్ల మహిళ. కెమెరా, లెన్స్ అవే. మారింది కూర్చునేవారి భయం. నేను మధురకాటి, నింపురా వైపు ఇళ్లకు వెళ్లినప్పుడు మా ఆవిడను వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టాక, ఆడవాళ్ల ఫొటోల్లో భుజాలు దిగాయి, నవ్వులు వచ్చాయి.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల మాతా పూజల సమయంలో వీధులన్నీ పసుపు, వేపాకులతో నిండిపోతాయి. ఫొటోలకు చేతులు దురద పెట్టే వేళ. కానీ పూనకంలో ఉన్న మనిషి అనుమతి ఇవ్వలేరు. అలాంటప్పుడు దూరపు దృశ్యంతో సరిపెట్టుకుని, ముఖాల కోసం పూజ అయిన మర్నాడు వెళ్లడం మంచిది. చిన్నపిల్లలైతే తల్లిదండ్రులను అడగకుండా తీయకూడదు.

మరో మాట. ఇది రైల్వే ఊరు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అని పేరుబడ్డ 1072 మీటర్ల ప్లాట్‌ఫారం చూడగానే ఎవరికైనా ఫొటో దిగాలనిపిస్తుంది. పట్టాల మీదికి మాత్రం దిగకండి. అనుమతి లేకుండా రైలు మార్గంలోకి వెళ్లడం రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. శిక్ష కన్నా ముందు ప్రాణం సంగతి చూసుకోవాలి.

బ్యాంకు ఉద్యోగులుగా మనకు ఇంకో నియమం ఉంది. కేవైసీ కోసం ఇచ్చిన ఫొటో, వీడియోలో చూసిన ముఖం ఖాతాదారుడు బ్యాంకును నమ్మి ఇచ్చినవి. అవి మన సొంత ఫోనులో ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం లేకపోయినా అది మన వృత్తి ధర్మమే. నా ఆదివారపు ఫొటోలకూ, సోమవారపు ఫైళ్లకూ మధ్య గీత గట్టిగా గీసుకున్నాను. శాఖలో పరిచయమైనవారిని శాఖలో ఫొటో అడగను. వాళ్లే ఇంటికి పిలిస్తే వెళతాను.

నాలుగో పాఠం: కాగితం మీదికి వచ్చేదాకా ఫొటో పూర్తి కాదు

ఫోను పోతే ఫొటోలన్నీ పోతాయి. మెమరీ నిండితే మనమే చెరిపేస్తాం. అందుకని నెలకు ఒక్కటైనా ప్రింటు తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. స్టూడియోకు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. ప్రింటు వెనుక పేరు, ఊరు, తేదీ, తీసినవారి పేరు మెత్తని పెన్సిల్‌తో రాయండి. పెన్ను వద్దు, సిరా ఎన్నాళ్లకైనా ముందువైపుకు ఊరుతుంది. మన పాత ఆల్బములు తిరగేస్తే ఎంతమంది ముఖాలకు పేర్లు లేవో తెలుస్తుంది. ఇంట్లో ఒక ప్రింటు, కంప్యూటరులో ఒక కాపీ, వేరే ఊళ్లోని తోబుట్టువు దగ్గర మరొక కాపీ ఉంటే నిశ్చింత.

ఈ వయసులో కొత్త విద్యేమిటి అనుకునేవారికి ఒక మాట. ప్రపంచంలోని గొప్ప పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్లలో ఒకరైన జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో ఇక్కడికి దగ్గరలోని కలకత్తాలోనే పుట్టారు. ఆమె చేతికి మొదటి కెమెరా వచ్చింది 48వ ఏట, కూతురు, అల్లుడు ఇచ్చిన కానుకగా. మనలో చాలామంది ఆ వయసులో ఇంకో బదిలీ కోసం చూస్తుంటాం.

మొదలుపెట్టదలచినవారికి నాలుగు ఆదివారాల అభ్యాసం:

మొదటి ఆదివారం: కిటికీ పక్కన, టైమరుతో, మీ ఫొటోలు ఇరవై. ఒకటి ఎంచే పని ఇంట్లోవాళ్లకు ఇవ్వండి.

రెండో ఆదివారం: ఇంట్లో అందరికన్నా పెద్దవారి ఫొటో. చేతికి పని, ఒక పాత ప్రశ్న. అరగంట తొందరపడకండి.

మూడో ఆదివారం: మీరు రోజూ చూసే, పేరు తెలియని ఒకరు. పాలవాడు, వాచ్‌మన్, చెప్పులు కుట్టే ఆయన. ముందు పేరు అడగండి. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నాలుగో ఆదివారం: మూడింటినీ ప్రింటు తీయించి, వెనుక వివరాలు రాసి, ఎవరివి వారికి ఇవ్వండి.

మామ్మగారి సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి ఏడాది నవంబరులో ఆవిడ మళ్లీ వచ్చారు. మా ఫొటోల సంగతి వీధిలో విన్నారట. "నాకూ తియ్యి బాబూ. తర్వాత పిల్లలు ఆఫీసు కాగితాలు వెతుక్కోకూడదు" అన్నారు. ఆ ఆదివారం వాళ్ల ఇంటికి మేమిద్దరం వెళ్లాం. వరండాలో పీట వేసుకుని కూర్చున్నారు. ఒళ్లో చేటలో బియ్యం. లోపల గోడమీద కోటు వేసుకున్న పెద్దమనిషి, దండతో. నేను ఆయన గురించి అడిగాను. ఏం తినేవారు, ఎలా నడిచేవారు, కోపం వస్తే ఏమనేవారు అని. బియ్యంలో రాళ్లు ఏరుతూ చెబుతున్న ఆవిడ ఒకచోట ఆగి, నవ్వు ఆపుకోలేక తల ఎత్తారు. అప్పుడు నొక్కాను.

ప్రింటు చేతిలో పెట్టినప్పుడు ఆవిడ ముఖానికి దగ్గరగా పట్టుకుని చూశారు. ముడతలన్నీ ఉన్నాయి. ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంది. రంగు ఆవిడ రంగే.

"ఇది నేనే" అన్నారు.

ఆయన ఫొటో నేను తెచ్చి ఇవ్వలేను. ఆ ఫొటో తీయవలసిన రోజు ఎప్పుడో దాటిపోయింది. మన ఇళ్లలో ఇంకా దాటిపోని రోజులు ఉన్నాయి. వచ్చే ఆదివారం వాటిలో ఒకటి.